పచ్చ అంటే ఏ పచ్చ?

ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడతాను. 1942 ఏప్రిల్‌లో మన సముద్రం మీద గస్తీ తిరిగిన కాటలీనా విమానం పొట్ట ఏ రంగులో ఉండేది?

"ఎవడికి కావాలిరా బాబూ" అని మీరు అనుకుంటే తప్పేం లేదు. మా హాస్టల్లో పది మందిని అడిగితే తొమ్మిది మంది అదే అన్నారు. పదోవాడు మాత్రం ఫోన్ తీసి, ఐదు సెకన్లలో ఒక కలర్ ఫొటో చూపించి, "ఇదిగో, లేత నీలం. అయిపోయిందా?" అన్నాడు. ఆ తొమ్మిది మందితో నాకు పేచీ లేదు. ఈ వ్యాసం ఆ పదోవాడి కోసం.

సంగతి ఏంటంటే, మన ఫెస్ట్‌లో "యుద్ధంలో విశాఖ" అని ఒక టేబుల్ పెడుతున్నాం. దాని కోసం ముగ్గురం కలిసి 1/72 స్కేల్ కాటలీనా కిట్ కడుతున్నాం. అసలు విమానం రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరకి 104 అడుగులు, మాది 44 సెంటీమీటర్లు. అతికించడం, గరుకు కాగితంతో రుద్దడం, ప్రైమర్ కొట్టడం అన్నీ అయ్యాయి. రంగు దగ్గర బండి ఆగింది. మిగతా ఇద్దరూ "ఏదో ఒకటి వేసేద్దాం, చూసేవాళ్ళకి ఏం తెలుస్తుంది" అంటున్నారు. నేను ఒప్పుకోవడం లేదు. వాళ్ళు నన్ను పిచ్చోడిలా చూస్తున్నారు కాబట్టి నా వాదన ఏంటో ఇక్కడ రాస్తున్నాను.

కాటలీనా అంటే తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. నీళ్ళ మీద దిగే విమానం అనగానే మనకి గుర్తొచ్చేది 2024 నవంబర్ 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలం వెళ్ళిన సీప్లేన్. అది మామూలు విమానమే, కాళ్ళకి చక్రాల బదులు తేలే బోట్లు తగిలించారు. కాటలీనా అలా కాదు. దాని ఒళ్ళే పడవ. పొట్టతోనే నీళ్ళ మీద వాలుతుంది, పొట్టతోనే లేస్తుంది. అందుకే దాన్ని ఫ్లయింగ్ బోట్ అంటారు, ఎగిరే పడవ. వేగం తక్కువే గానీ గంటల తరబడి గాల్లో ఉండగలదు. సముద్రం మీద శత్రువు ఓడల్ని వెతకడానికి అంతకంటే ఏం కావాలి?

మనకీ దానికీ సంబంధం ఏంటి అంటారా? 1942 మార్చి 23న జపాన్ అండమాన్‌ని ఆక్రమించింది. అంటే బంగాళాఖాతానికి అటు గట్టున వాళ్ళు, ఇటు గట్టున మనం. ఏప్రిల్ 4న సిలోన్ దక్షిణాన గస్తీ తిరుగుతున్న ఒక కాటలీనా, ఆ దీవి వైపు వస్తున్న జపాన్ నౌకాదళాన్ని చూసింది. అది కెనడా వాళ్ళ 413 స్క్వాడ్రన్ విమానం, సీరియల్ నంబర్ ఏజే155, ఒంటి మీద అక్షరాలు క్యూఎల్-ఏ. నడిపినాయన స్క్వాడ్రన్ లీడర్ లెనార్డ్ బిర్చల్. కబురు వైర్‌లెస్‌లో పంపుతుండగానే జీరో ఫైటర్లు వచ్చి కూల్చేశాయి. తొమ్మిది మందిలో ఆరుగురు బతికి ఖైదీలయ్యారు. మర్నాడు ఈస్టర్ ఆదివారం కొలంబో మీద దాడి జరిగింది, కానీ అక్కడివాళ్ళకి ముందే తెలుసు. ఆ తర్వాత రోజు, ఏప్రిల్ 6న, ర్యుజో అనే ఇంకో విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు మన విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. విశాఖ తీరాన్ని కాయడానికి అప్పుడున్నది 6వ కోస్టల్ డిఫెన్స్ ఫ్లైట్, అదీ కాలం చెల్లిన రెండంతస్తుల రెక్కల విమానాలతో. అదే ఏడాది మద్రాసు దగ్గర రెడ్ హిల్స్ చెరువు మీదికి 240 స్క్వాడ్రన్ కాటలీనాలు వచ్చి, యుద్ధం అయ్యేదాకా అక్కడి నుంచే బంగాళాఖాతాన్ని కాపలా కాశాయి. బీచ్ రోడ్డు వైపు ఇసుకలో కనపడే కాంక్రీట్ పిల్‌బాక్సుల పక్కన సెల్ఫీలు దిగుతాం కదా, అవి ఆ రోజులవే.

మేం కడుతున్నది బిర్చల్ విమానం. ఇక రంగు.

పైభాగం గురించి గొడవ లేదు. బ్రిటిష్ కోస్టల్ విమానాలకి అప్పట్లో పైన రెండు రంగుల మచ్చలు ఉండేవి: ఎక్స్‌ట్రా డార్క్ సీ గ్రే, డార్క్ స్లేట్ గ్రే. మొదటిదానికి బ్రిటిష్ స్టాండర్డ్‌లో ఇప్పటికీ 640 అని నంబర్ ఉంది. రెండోదాని పేరులో గ్రే ఉంది గానీ చూస్తే ముదురు ఆకుపచ్చ బూడిద. పేరు నమ్మి షాపులో గ్రే కొనుక్కొచ్చినవాడి గతి గోవిందా.

పొట్ట దగ్గరే తంటా. 1941 దాకా కింద వేసే రంగు "స్కై" అనేది. పేరు ఆకాశం, రంగు మాత్రం లేత నీలం కాదు, ఆకుపచ్చ, పసుపు కొద్దిగా కలిసిన పాలిపోయిన రంగు. 1941లో తెలుపు మొదలైంది. ఈ తెలుపు కథ సీఎస్ఈ వాళ్ళకి తప్పకుండా నచ్చుతుంది. జలాంతర్గాముల వేటకి వెళ్తున్న విమానాల్లో చాలావాటికి రాత్రి బాంబర్లలాగా నల్ల రంగు ఉండేది. ప్యాట్రిక్ బ్లాకెట్ అనే భౌతికశాస్త్రవేత్త, ఆయన బృందం ఒక మామూలు ప్రశ్న అడిగారు: పగటిపూట మబ్బు పట్టిన ఆకాశంలో నల్లటి విమానం ఎంత దూరం నుంచి కనపడుతుంది? పరీక్షిస్తే, తెల్ల విమానాన్ని గుర్తుపట్టేసరికి అది సగటున 20 శాతం దగ్గరికి వచ్చేస్తోందని తేలింది. జలాంతర్గామి మునిగి తప్పించుకోవడానికి దొరికే టైమ్ ఆ మేరకు తగ్గుతుంది. కొత్త ఇంజిన్ లేదు, కొత్త బాంబు లేదు, డబ్బా పెయింట్ అంతే. మనం సెమిస్టర్ పరీక్షకి బట్టీ పట్టే ఆపరేషన్స్ రీసెర్చ్ పుట్టింది ఇలాంటి లెక్కల్లోంచే. ఇదే బ్లాకెట్ స్వాతంత్ర్యం వచ్చాక నెహ్రూకి రక్షణ పరిశోధన మీద సలహాలు ఇచ్చాడు.

కాబట్టి రంగు అనేది అలంకారం కాదు. ఇంకో ఉదాహరణ. బ్రిటిష్ విమానాల మీద గుండ్రటి గుర్తు మధ్యలో ఎర్ర చుక్క ఉండేది. జపాన్ గుర్తు మొత్తం ఎర్ర బిళ్ళే. కింద నుంచి తుపాకీ పట్టుకుని చూసేవాడికి ఎరుపు కనపడితే చాలు, పేల్చేస్తాడు. అందుకే 1942లో మన వైపు విమానాల మీద ఆ ఎర్ర చుక్కని తీసేయడం మొదలుపెట్టారు. ముందు దాని స్థానంలో తెలుపు, 1943కి వచ్చేసరికి ముదురు నీలం మధ్యలో లేత నీలం. మనదా, వాళ్ళదా అన్నది ఒక చుక్క మీద ఆధారపడింది. మా మోడల్ ఏప్రిల్ 1942ది కాబట్టి దాని మీద ఎరుపు ఉండాలి. 1944 రెడ్ హిల్స్ విమానం చేస్తే ఉండకూడదు. ఇది తెలిసి కూడా "ఏదో ఒక స్టిక్కర్ అతికిద్దాం" అంటే నాకు ఒళ్ళు మండదా?

ఇప్పుడు మా పదోవాడి కలర్ ఫొటో. అది ఏఐ రంగులద్దిన బ్లాక్ అండ్ వైట్ ఫొటో. ఆ మోడల్ లోపల ఏం జరుగుతుందో మన డిపార్ట్‌మెంట్ వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం క్లుప్తంగా. ఫొటోలో ఉన్నది వెలుతురు ఎంత అన్న ఒక్క సంఖ్య. రంగు చెప్పాలంటే ఇంకో రెండు సంఖ్యలు కావాలి. అవి ఫొటోలో లేవు. లేని రెంటినీ, ట్రైనింగ్‌లో చూసిన లక్షల బొమ్మల్ని బట్టి ఊహించి పూడుస్తుంది. సముద్రం కనపడితే నీలం, గడ్డి కనపడితే ఆకుపచ్చ, యుద్ధ విమానం కనపడితే మురికి ఆకుపచ్చో బూడిదో. ఊహ సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు. కానీ అది ఆ విమానం గురించి ఏమీ చెప్పదు, ట్రైనింగ్ డేటా గురించి చెప్తుంది.

అసలు ఆ వెలుతురు సంఖ్య కూడా పూర్తిగా నమ్మదగింది కాదు. అప్పట్లో ఆర్థోక్రొమాటిక్ అనే రకం ఫిల్మ్ కూడా వాడేవారు. దానికి ఎరుపు అస్సలు కనపడదు, కాబట్టి ఎరుపు నల్లగా వస్తుంది. పసుపు కూడా ముదురుగా వస్తుంది. నీలం మాత్రం తేలిపోయి తెల్లగా వస్తుంది. అంటే గుండ్రటి గుర్తు చుట్టూ పసుపు వలయం ఉన్నా ఫొటోలో ముదురు గీతలా కనపడొచ్చు. ఏఐకి ఏ ఫిల్మో తెలియదు. దర్జాగా నీలం పూసేస్తుంది. తర్వాత ఆ బొమ్మని ఎవరో షేర్ చేస్తారు, దాన్ని చూసి ఇంకెవరో మోడల్‌కి రంగు వేస్తారు, ఆ మోడల్ ఫొటో తిరిగి ట్రైనింగ్ డేటాలోకి పోతుంది. పాము తన తోక తానే మింగినట్టు.

"మరి మ్యూజియంలో అసలు విమానాన్ని చూసి వేయొచ్చుగా" అని మా టీమ్‌మేట్ అన్నాడు. బీచ్ రోడ్డులో టీయూ-142 ఉన్న ఊళ్ళో అది సహజంగా వచ్చే ఆలోచనే. ఆకారం చూడటానికి, రివెట్లు లెక్కపెట్టడానికి మ్యూజియం విమానాన్ని మించింది లేదు. కానీ రంగుకి పనికిరాదు. ఉప్పు గాలికి, ఎండకి ఆరుబయట నిలబడాలంటే ఏ విమానానికైనా మళ్ళీ మళ్ళీ పెయింట్ వేయాల్సిందే. ఆ వేసినవాళ్ళ దగ్గర ఆ రోజు ఏ డబ్బా ఉందో అదే రంగు.

మరి దేన్ని నమ్మాలి? నా లెక్కలో అన్నిటికంటే పైన ఉండేది ఆ కాలపు కాగితం: ఏ తేదీన ఏ విమానాలకి ఏ రంగు వేయమన్నారన్న ఉత్తర్వు, స్క్వాడ్రన్ రోజూ రాసుకున్న ఆపరేషన్స్ రికార్డ్ బుక్. ఆ పుస్తకాలు లండన్ క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. దాని తర్వాత తేదీ, చోటు తెలిసిన ఫొటో. అదీ రంగు కోసం కాదు, గుర్తుల కోసం. ఎర్ర చుక్క ఉన్న గుర్తా, లేనిదా? రాడార్ యాంటెన్నాలు ఉన్నాయా? అక్షరాలు ఎక్కడ రాశారు? పైరంగుకీ కిందిరంగుకీ మధ్య గీత ఎంత ఎత్తులో ఉంది? వీటిని బట్టి విమానాన్ని ఒక తేదీలో కూర్చోబెట్టి, ఆ తేదీకి ఉత్తర్వు ఏం చెప్తోందో చూడాలి. పెట్టె మీది బొమ్మ, ఇంటర్నెట్ ప్రొఫైల్ డ్రాయింగ్, ఏఐ ఫొటో, ఇవి అడుగున. ఉత్తర్వు వచ్చింది కదా అని మర్నాడే విమానాలన్నీ కొత్త రంగులో మెరిసిపోవు, అది కూడా గుర్తుంచుకోవాలి. పెయింట్ రావాలి, హ్యాంగర్ ఖాళీ ఉండాలి. 413 స్క్వాడ్రన్ ఉత్తరాన షెట్లాండ్ దీవుల నుంచి తరలి వచ్చింది, బిర్చల్ కొగ్గలలో దిగి రెండు రోజులే అయింది. కొత్తగా పెయింట్ వేసే తీరిక ఎక్కడిది? అందుకే నా మొగ్గు స్కై వైపు. తేదీని బట్టి చూస్తే తెలుపూ అసాధ్యం కాదు. మొగ్గు వేరు, రుజువు వేరు.

ఇంకా పైన ఎండ ఒకటి. సిలోన్ ఎండకి, ఉప్పు నీళ్ళకి రోజూ నానే పెయింట్ నెలరోజుల్లో ఎలా పాలిపోతుందో మన ఊరి ఆర్టీసీ బస్సుని చూసినా తెలుస్తుంది. అదీగాక చిన్న వస్తువు మీద అదే రంగు ఇంకా ముదురుగా కనపడుతుంది, అందుకని మోడలర్లు కొంచెం తెలుపు కలుపుతారు. ఎంత కలపాలన్నది ఎప్పటికీ తెగని పంచాయితీ, దాంట్లోకి నేను వెళ్ళను.

మా సీనియర్ అక్క ఒకరు వేసిన ప్రశ్న మాత్రం గట్టిది. "మనుషులు చచ్చిపోయిన యుద్ధంరా అది. నువ్వు పెయింట్ డబ్బా పట్టుకుని కొట్టుకుంటున్నావు. సిగ్గనిపించట్లేదా?" దీనికి సరదా జవాబు చెప్పి తప్పించుకోలేను. ఆమె అన్నదాంట్లో నిజముంది. బిర్చల్ విమానం సీరియల్ నంబర్ మనకి తెలుసు, దాని మీద అక్షరాలు తెలుసు, పెయింట్ నంబర్ కూడా తెలుసు. మరి ఆ సోమవారం నాడు మన హార్బర్‌లో మూటలు మోసినవాళ్ళ గురించి, ఆ రాత్రి ఊరు ఖాళీ చేసి పల్లెల దారి పట్టిన కుటుంబాల గురించి మనలో ఎంతమందికి ఒక్క వాక్యం తెలుసు? విమానానికి కాగితం ఉంది, ఎందుకంటే సైన్యం రాసుకుంది. మన ముత్తవ్వలకి కాగితం లేదు. అందుకని విమానం రంగు వదిలేయమంటే మాత్రం నేను ఒప్పుకోను. అక్కడ పడుతున్న శ్రద్ధే ఇక్కడా పడాలి అంటాను.

ఇలా ఎందుకంటున్నానో చెప్తాను. ఆనందపురం జంక్షన్ దగ్గర పూల మార్కెట్ మనందరికీ తెలుసు. అక్కడ మల్లెలు కట్టి అమ్మే ఒక మామ్మతో మాటల్లో ఈ మోడల్ సంగతి వచ్చింది. ఆమె వెంటనే అందుకుంది. "ఇశాపట్నం మీద బాంబులేసినప్పుడు మాయమ్మ సంటిదాన్ని సంకనేసుకుని ఈ రోడ్డమ్మటే నడిసొచ్చీసిందట బాబూ. పచ్చటి ఇమానం నెత్తి మీదెల్లిందని సెప్పేది."

నేను ఆగిపోయాను. పచ్చటి విమానం! ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు పచ్చ అంటే గ్రీన్. కానీ మా ఇంట్లోనే పచ్చకామెర్లు అంటే పసుపు, పచ్చగడ్డి అంటే ఆకుపచ్చ. "ఏ పచ్చ మామ్మా? పసుపు పచ్చా, ఆకు పచ్చా?" అని అడిగాను.

"ఆ ముక్క మాయమ్మ సెప్నేదు" అంది, పూలు కట్టడం ఆపకుండానే.

ఆకుపచ్చ అయితే, జపాన్ నేవీ బాంబర్లకి అప్పటికి పైన ముదురు ఆకుపచ్చ వేయడం మామూలే కాబట్టి, కథ ఒక దారిలో వెళ్తుంది. పసుపు అయితే, పసుపు పెయింట్ మన వైపు శిక్షణ విమానాలకి వేసేవారు, కథ ఇంకో దారి. లేదా సాయంత్రం ఎండలో వెండి రంగు విమానం కూడా పచ్చగా మెరవొచ్చు. ఆ తల్లి ఆ మాట ఎన్నేళ్ళ తర్వాత చెప్పిందో, కూతురు ఎంత గుర్తుపెట్టుకుందో, అదీ లెక్కే. నా పట్టికలో ఇది ఉత్తర్వు పక్కన కూర్చోదు. కానీ ఏఐ ఫొటో కంటే చాలా పైన కూర్చుంటుంది. ఎందుకంటే దీని వెనక నిజంగా తల ఎత్తి చూసిన ఒక మనిషి ఉంది. నోట్‌బుక్‌లో "పచ్చ" అని మాత్రమే రాసుకున్నాను. ఇంగ్లీష్‌లోకి మార్చలేదు. మారిస్తే నేను కూడా రంగులద్దినట్టే.

"బొమ్మే కదరా" అనేవాళ్ళకి కూడా ఒక మాట. బొమ్మ వేరు, మోడల్ వేరు. మన పక్కనే ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రతో, లక్క రంగులతో ఎంత అందమైన బొమ్మలు చేస్తారు! అక్కడ ఎడ్లబండికి ఎర్ర రంగు వేస్తే "అసలు బండి ఎర్రగా ఉండేదా?" అని ఎవరూ అడగరు, అడగకూడదు కూడా. అది చేసినవాడి చేతిలోని అందం. మా టేబుల్ మీద విమానం పక్కన మాత్రం మేం తేదీ రాస్తున్నాం, పేరు రాస్తున్నాం, "ఇలా ఉండేది" అంటున్నాం. అలా అన్నాక ఇష్టమొచ్చిన రంగు వేసే స్వేచ్ఛ మనకి లేదు. చూసేవాళ్ళలో తొమ్మిది మంది పట్టించుకోరు, నిజమే. పదోవాడు ఫొటో తీసి పోస్ట్ చేస్తాడు.

నిన్న రాత్రి ఇద్దరితోనూ కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చాను. పైభాగం రెండు రంగులూ వేస్తాం, ఎర్ర చుక్క గుర్తులు పెడతాం, క్యూఎల్-ఏ రాస్తాం. పొట్ట ఎడమ సగం స్కై, కుడి సగం ఉత్త ప్రైమర్. అంటే బూడిద రంగు ప్లాస్టిక్ పూత, పనిలో ఉన్నట్టే కనపడుతుంది. "సగం పెయింట్ మోడల్‌కి ప్రైజ్ రాదు" అన్నాడు ఒకడు. రాకపోతే రాకపోనీ. టేబుల్ కింద అద్దం పెడుతున్నాం, వంగకుండానే పొట్ట కనపడుతుంది. పక్కన చీటీలో ఏది ఉత్తర్వు నుంచి వచ్చింది, ఏది మా ఊహ అన్నది రాసి ఉంటుంది.

ఆ టేబుల్ రెండో సగం ఇంకా ఖాళీగా ఉంది. అది మామ్మ లాంటివాళ్ళ మాటల కోసం. మీ ఇళ్ళల్లో, వన్‌టౌన్‌లో గానీ, జాలారిపేటలో గానీ, భీమిలిలో, కాకినాడలో గానీ, ఆ ఏప్రిల్ గురించి విన్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ వారాంతం ఫోన్‌లో రికార్డ్ చేసి క్లబ్‌కి పంపండి. వాళ్ళ యాస వాళ్ళదే ఉండనివ్వండి, మీరు శుద్ధి చేయకండి. ఎవరు చూశారు, ఎవరు చెప్పగా విన్నారు, ఎక్కడ నిలబడి చూశారు, అది పగలా రాత్రా అడగండి. విమానం రంగు చెప్తే మధ్యలో అందించకుండా చెప్పనిచ్చి, అప్పుడు అడగండి, ఏ పచ్చ అని.